జీతం వద్దన్న డ్రిల్లు మాస్టారు

మా సర్వీసు రోజుల్లో డ్రిల్లు మాస్టారంటే, లెక్కల మాస్టారికి సిలబస్ పూర్తి కాకపోతే తన పీరియడ్ ఇచ్చేసి చెట్టు కింద కూర్చునే మనిషి. ఆగస్టు పదిహేను దగ్గర పడేసరికి మాత్రం అందరికీ గుర్తొస్తాడు. "ఎమ్మార్వో గారొస్తున్నారు మాస్టారూ, పిల్లలు కాస్త లైన్లో నడిచేట్టు చూడండి" అని హెడ్మాస్టారు కబురు పెడతారు. గడువు వారం. పిల్లలు నాలుగొందల మంది. వాళ్ళలో కుడి చెయ్యీ కుడి కాలూ ఒకేసారి ముందుకు వేసేవాళ్ళు ఓ ఇరవై మందైనా తప్పకుండా ఉంటారు.

బాపట్ల చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ఈ పనే చేసి రిటైరయ్యాను. ఇప్పుడు పెన్సిల్వేనియాలో ఎక్స్‌టన్ అనే ఊళ్ళో అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఈ చుట్టుపక్కల మనవాళ్ళు బోలెడంత మంది. వీకెండ్ వస్తే అందరూ కింగ్ ఆఫ్ ప్రష్యా మాల్‌కి పోతారు. ఆ ఊరికి ఆ పేరు ఒక పాత సత్రం వల్ల వచ్చింది, ఆ సత్రానికేమో ప్రష్యా అనే అప్పటి జర్మన్ రాజ్యాన్ని ఏలిన రాజు రెండో ఫ్రెడరిక్ వల్ల. మాల్ నుంచి కారులో కొద్ది నిమిషాలు పోతే వ్యాలీ ఫోర్జ్. ఆ రాజు సైన్యంలో పనిచేసిన ఒకాయన 1778లో అక్కడికొచ్చి, బ్రిటిష్ వాళ్ళతో పోరాడుతున్న, చెప్పుల్లేని అమెరికా సైన్యానికి డ్రిల్లు నేర్పాడు. పేరు ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ ఫాన్ స్టాయిబెన్. అమెరికా వాళ్ళు బారన్ వాన్ స్టూబెన్ అంటారు. నేనూ స్టూబెన్ అనే అంటాను.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలోకి బయటి దేశాల ఆఫీసర్లు చాలామందే వచ్చారు. ఫ్రాన్స్ నుంచి లఫయెట్, పోలండ్ నుంచి పులాస్కీ, కోస్యుస్కో. వాళ్ళకి గుర్రాలు, కోటలు, యుద్ధాలు ఉన్నాయి, కథల్లో చోటూ ఉంది. ఈయన చేసింది నా పని. అందుకే ఈయన మీద రాస్తున్నాను.

ముందుగా ఆయన బయోడేటా సంగతి తేల్చాలి, ఎందుకంటే మా అబ్బాయి స్నేహితులు ఈ కథ వినగానే పట్టుకునేది దాన్నే.

1730లో మాగ్డెబుర్గ్‌లో పుట్టాడు. కుర్రతనంలోనే ప్రష్యా సైన్యంలో చేరాడు. యూరప్‌లో జరిగిన ఏడేళ్ళ యుద్ధంలో రెండుసార్లు గాయపడ్డాడు, రష్యన్లకి ఖైదీగా చిక్కాడు, చివర్లో స్వయంగా ఫ్రెడరిక్ రాజు దగ్గర సిబ్బందిలో పనిచేశాడు. ఇదంతా నిజం. కానీ యుద్ధం ముగిశాక 1763లో ఆయన్ని ఇంటికి పంపేశారు. అప్పటికి ఆయన హోదా కెప్టెన్. ఆ తర్వాత ఒక చిన్న జర్మన్ సంస్థానంలో దర్బారు వ్యవహారాలు చూసే ఉద్యోగం. ఆ సంస్థానాధీశుడికి అప్పులు, ఈయనకీ అప్పులు. 1777లో కొత్త ఉద్యోగం వెతుక్కుంటూ పారిస్ చేరాడు.

అక్కడ అమెరికా తరఫున బెంజమిన్ ఫ్రాంక్లిన్, సైలస్ డీన్ ఉన్నారు. అప్పటికే డీన్ గారు కనబడ్డ ప్రతి యూరప్ ఆఫీసరుకీ పెద్ద పెద్ద హోదాలు రాసిచ్చి పంపిస్తుంటే, అమెరికాలో కాంగ్రెస్ వాళ్ళు, అంటే అక్కడి చట్టసభ వాళ్ళు, తలలు పట్టుకుంటున్నారు. అందుకని మొదటిసారి స్టూబెన్ వచ్చినప్పుడు హోదా గానీ జీతం గానీ ఇస్తామని మాట ఇవ్వలేమన్నారు. ఆయనకి కోపం వచ్చి వెనక్కి వెళ్ళిపోయాడు. జర్మనీలో ఇంకో ఉద్యోగం దొరకలేదు. కుర్రవాళ్ళతో చనువు గురించి ఒక ఆరోపణ అప్పటికే అక్కడ పాకింది. అది రుజువైందీ లేదు, వదిలిందీ లేదు. ఆయన మగవాళ్ళని ప్రేమించిన మనిషని ఇప్పుడు చాలామంది చరిత్రకారులు రాస్తున్నారు. ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఏదైతేనేం, మళ్ళీ పారిస్ వచ్చాడు. ఈసారి ఫ్రాంక్లిన్ అమెరికా సైన్యాధిపతి వాషింగ్టన్‌కి రాసిన ఉత్తరంలో కెప్టెన్ కాస్తా "ప్రష్యా రాజు కొలువులో లెఫ్టినెంట్ జనరల్" అయిపోయాడు.

ఈ ముక్క చెప్పగానే మా ఇంటికి భోజనానికొచ్చిన కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. "అంకుల్, ఇది ఫేక్ ఎక్స్‌పీరియన్స్ కదా! రెండేళ్ళు చేసి ఎనిమిదేళ్ళని పెట్టడం. ఫ్రాంక్లిన్ గారు కన్సల్టెన్సీ నడిపారన్నమాట" అన్నాడొకడు. ఇంతకంటే మంచి పోలిక నేనూ చెప్పలేను. కాకపోతే ఒక తేడా ఉంది. ఇంటర్వ్యూలో తన బదులు ఇంకొకణ్ణి, ప్రాక్సీని, కూర్చోబెట్టినవాడు ఉద్యోగంలో చేరాక మొదటి నెలలోనే దొరికిపోతాడు. ఈయన అబద్ధం హోదాలో ఉంది, పనిలో లేదు. ప్రష్యా సైన్యంలో ఆఫీసరుగా పెరిగినవాడికి ఒక దళాన్ని ఎలా నిలబెట్టాలో, ఎలా నడపాలో, దాని రోజువారీ లెక్కలెలా రాయాలో ఒంట్లో జీర్ణించుకుపోయి ఉంటుంది. అమెరికాలో ఆ విద్య తెలిసినవాళ్ళు బహు తక్కువ. అయినా అబద్ధం అబద్ధమే. నా కింద పనిచేసే పీఈటీ ఇలా చేసి ఉంటే నేను ఊరుకునేవాణ్ణా అంటే, ఊరుకునేవాణ్ణి కాదు.

దారి ఖర్చులు ఫ్రెంచి నాటక రచయిత బోమార్షే నడిపే వ్యాపార సంస్థ పెట్టుకుంది. సెప్టెంబరులో మార్సేయ్ రేవులో ఓడ ఎక్కి, 1777 డిసెంబరు 1న న్యూహాంప్‌షైర్‌లో పోర్ట్స్‌మత్ చేరాడు. వెంట డ్యూపాన్సో అనే పదిహేడేళ్ళ సెక్రటరీ, అజోర్ అనే కుక్క. ఆ కుక్క ఎవరైనా అపశ్రుతిలో పాడితే ఊళపెట్టేదని డ్యూపాన్సో రాసుకున్నాడు. అమెరికా సైన్యం యూనిఫారం ఎర్రదని ఎవరో చెబితే అందరూ ఎర్ర కోట్లు కుట్టించుకుని దిగారట. బ్రిటిష్ వాళ్ళవి ఎర్ర కోట్లని వేరే చెప్పక్కర్లేదు.

ఫిలడెల్ఫియా బ్రిటిష్ చేతిలో ఉండడంతో కాంగ్రెస్ యార్క్ అనే ఊరికి మకాం మార్చింది. ఫిబ్రవరిలో అక్కడికెళ్ళి స్టూబెన్ పెట్టిన షరతు ఇదీ: జీతం వద్దు, హోదా వద్దు, ఖర్చులు మాత్రం చూసుకోండి. యుద్ధం గెలిస్తే నేను వదులుకొచ్చిన దానికి సరిపడా ఇవ్వండి, ఓడితే ఏమీ వద్దు. ఖజానా ఖాళీగా ఉన్న కాంగ్రెస్‌కి ఇది అమృతంలా వినిపించింది. ఈ ఒప్పందం తర్వాత ఎలా తిరగబడిందో చివర్లో చెబుతాను. నిజానికి ఆయన వదులుకొచ్చినదేమీ లేదు, అప్పులు తప్ప.

ఫిబ్రవరి 23న వ్యాలీ ఫోర్జ్ చేరాడు.

సైన్యం చలికాలం గడిపిన ఆ శిబిరం ఇప్పుడు పార్కు. అక్కడ చెక్క గుడిసెలు అప్పటి కొలతల్లోనే మళ్ళీ కట్టిపెట్టారు. పదహారడుగుల పొడవు, పద్నాలుగడుగుల వెడల్పు. పన్నెండు మందికి ఒకటి. తలుపు దగ్గర వంగి లోపలికి పోవాలి. గోడలకి ఒకదానిమీద ఒకటి మూడేసి అరల్లాగా చెక్క పడకలు, ఎదురుగా మట్టి పూసిన పొయ్యి గూడు. నేను కింది అరమీద కూర్చుంటే పై పలక నెత్తికి తగిలింది. మనవరాలు పై అర ఎక్కి, "తాతయ్యా, బాత్రూమ్ ఎక్కడ?" అని అడిగింది. సరైన ప్రశ్న. 1777 డిసెంబరులో పన్నెండు వేల మంది దాకా వచ్చి దిగిన శిబిరంలో ఆ ప్రశ్నకి జవాబు "ఎక్కడపడితే అక్కడ". మరుగుదొడ్లు తవ్వమని వాషింగ్టన్ ఉత్తర్వులు ఇస్తూనే ఉన్నాడు, ఎవరూ లెక్కచెయ్యలేదు. చచ్చిన గుర్రాలు పడ్డచోటే ఉండేవి. ఆ శిబిరంలో రెండు వేల మంది దాకా చనిపోయారు. చలికి గడ్డకట్టి కాదు, అక్కడ పెద్ద యుద్ధమూ జరగలేదు. టైఫాయిడ్, టైఫస్, విరేచనాలు, ఫ్లూ. చావులు ఎక్కువైంది కూడా మంచు కరిగే వసంతంలోనే.

స్టూబెన్ చూసినవి తర్వాత రాసుకున్నాడు. ముప్పై మందే ఉన్న రెజిమెంటు ఒకటి, ఒకే ఒక్క కార్పొరల్ ఉన్న కంపెనీ ఒకటి. పాత దుప్పట్లతో కుట్టిన గౌన్లు తొడుక్కుని కాపలా డ్యూటీకి వచ్చిన ఆఫీసర్లు. తుప్పు పట్టిన తుపాకులు. తుపాకీ కొసకి తగిలించే కత్తులు, బాయ్‌నెట్లు, సగం కనబడవు, ఉన్నవి మాంసం గుచ్చి కాల్చుకోవడానికి. సర్వీసు అయిపోయినవాడు తుపాకీ తీసుకుని ఇంటికి పోతాడు. ఏటా అయిదు నుంచి ఎనిమిది వేల తుపాకులు ఇలా పోయేవని ఆయన లెక్క.

ఈ సైన్యం చేతకానిది కాదు. ధైర్యం ఉంది, గురి ఉంది, అంతకు ముందు గెలిచిన యుద్ధాలూ ఉన్నాయి. లేనిది ఒకే పద్ధతి. ఒక రాష్ట్రం రెజిమెంటు బ్రిటిష్ పుస్తకం చూసి నేర్చుకుంటే ఇంకో రాష్ట్రానిది ఫ్రెంచి పద్ధతి, మూడోదానికి దాని కల్నల్‌కి తోచింది. "కుడికి తిరుగు" అంటే ఒక్కొక్కరు ఒక్కోలా తిరుగుతారు. రోడ్డు మీద ఒకరి వెనక ఒకరు బారుగా నడిచేవాళ్ళు. ఆ బారు మైళ్ళ పొడవు సాగేది. ముందువాడు యుద్ధభూమి చేరాక చివరివాడు వచ్చేసరికి అక్కడ కథ అయిపోయేది. దీన్ని నేను వెంటనే పట్టుకోగలిగాను. మండల స్థాయి ఆటల పోటీలకి నాలుగు స్కూళ్ళ పిల్లల్ని కలిపి మార్చ్‌పాస్ట్ చేయించిన ఎవరికైనా తెలుస్తుంది. ఏ స్కూలు పిల్లలూ చెడ్డగా నడవరు. కలిపితేనే గోల.

ఇక ఆయన చేసింది చూడండి. మొత్తం సైన్యాన్ని మైదానంలో నిలబెట్టి అరవలేదు. వాషింగ్టన్ అంగరక్షక దళానికి వివిధ రెజిమెంట్ల నుంచి ఏరిన వందమందిని కలిపి ఒక మోడల్ కంపెనీ చేశాడు. మార్చి 19 పొద్దున్నే వాళ్ళలో ఒక చిన్న జట్టుని తీసుకుని, చేతిలో తుపాకీ తనే పట్టుకుని మొదలుపెట్టాడు. మిగతా జట్లకి తను ఎంచిన ఆఫీసర్లు చూసి నేర్పడం. ఆ వందమందికీ వచ్చాక వాళ్ళే వెళ్ళి తమ తమ దళాలకి నేర్పడం. వారం తిరక్కుండా శిబిరమంతా డ్రిల్లు చేస్తోంది.

జనరల్ స్థాయి మనిషి తుపాకీ పట్టుకుని సిపాయి పక్కన నిలబడ్డం అప్పట్లో లేని వింత. బ్రిటిష్ సంప్రదాయంలో అది సార్జెంటు పని, ఆఫీసరుకి నామోషీ. అమెరికన్ ఆఫీసర్లకీ అదే తలబిరుసు అంటుకుంది. ఈయన దిగడం చూసి వాళ్ళకీ దిగక తప్పలేదు. నా ఉద్దేశంలో స్టూబెన్ చేసినవాటిలో అన్నిటికంటే పెద్దది ఇదే. ఎన్‌సీసీ క్యాంపుల్లో మా ఉస్తాదులు ఎండలో పిల్లలతోపాటు నిలబడి అరిచేవాళ్ళు, ఆఫీసర్లు షామియానా కింద టీ తాగేవాళ్ళు. పిల్లలు ఎవరి మాట వింటారో వేరే చెప్పాలా?

తుపాకీ మొదటిరోజే ఇవ్వలేదు. ముందు నిలబడ్డం. ఆయన తర్వాత అచ్చువేయించిన పుస్తకంలో సిపాయి నిలబడే తీరు ఇలా ఉంది: రెండు మడమల మధ్య రెండంగుళాలు, పాదాల కొసలు బయటికి, పొట్ట కొంచెం లోపలికి కానీ బిగబట్టకూడదు, రొమ్ము కొద్దిగా ముందుకి, అరచేతులు తొడలకి ఆనించి. తల మాత్రం కుడికి తిప్పాలి, ఎంతవరకంటే ఎడమ కన్ను చొక్కాపై తొడిగే వెయిస్ట్‌కోటు గుండీల వరసకి సరిగ్గా పైన వచ్చేదాకా. ఈ గుండీల ముక్క దగ్గర నేను ఆగిపోయాను. డ్రిల్లు నేర్పేవాడికి ఇలాంటి గుర్తులే కావాలి. "తల కొంచెం తిప్పు" అంటే నలభైమంది నలభై రకాలుగా తిప్పుతారు. గుండీ చూపిస్తే అందరికీ ఒకటే కొలత. వ్యాలీ ఫోర్జ్‌లో ఆ గుండీలు ఎంతమందికి మిగిలాయన్నది వేరే సంగతి.

"పొట్ట లోపలికి కానీ బిగబట్టకూడదు" అన్నది కూడా అనుభవం మీద రాసిన మాటే. అటెన్షన్‌లో ఊపిరి బిగబట్టి నిలబడ్డ పిల్లలే ప్రార్థన మధ్యలో కళ్ళు తిరిగి పడిపోయేది.

తర్వాత అడుగు. మామూలు అడుగు నిమిషానికి 75, త్వరిత గతి 120. రెండోది మన పరేడ్లలో తేజ్ చల్ వేగానికి ఇంచుమించు సమానం. నలుగురేసి వరసలో నడక, ఆ వరసని ఆగకుండా యుద్ధ పంక్తిగా విప్పడం, మళ్ళీ ముడవడం. తుపాకీ నింపే పద్ధతిలో ప్రష్యా వాళ్ళ హంగులన్నీ కత్తిరించేశాడు. చూడ్డానికి బాగుండేవి తీసేసి, పనికొచ్చేవి ఉంచాడు. రాజుగారి పరేడ్‌లో ముప్పై ఏళ్ళు ఉండబోయే సిపాయిలు కాదు వీళ్ళు. మే నెలలో మళ్ళీ యుద్ధానికి పోవాలి.

భాష సంగతి నవ్వు తెప్పిస్తుంది. ఆయనకి ఇంగ్లీషు రాదు. రాత్రి ఫ్రెంచిలో పాఠం రాస్తే డ్యూపాన్సో దాన్ని ఇంగ్లీషులో పెట్టేవాడు. డ్యూపాన్సోకి ఇంగ్లీషు వచ్చుగానీ సైన్యం మాటలు రావు. అందుకని వాషింగ్టన్ సిబ్బందిలోని జాన్ లారెన్స్, అలెగ్జాండర్ హామిల్టన్ దిద్దేవాళ్ళు. దాన్ని చేతిరాతతో నకళ్ళు తీసి రెజిమెంట్లకి పంపేవాళ్ళు. మైదానంలో కమాండ్లు బట్టీపట్టి చెప్పేవాడు. ఒకరోజు వరసలు కలిసిపోయి అంతా గందరగోళమైంది. ఆయన జర్మన్‌లో తిట్టాడు, ఫ్రెంచిలో తిట్టాడు, ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అప్పుడు న్యూయార్క్ రెజిమెంటు నుంచి బెంజమిన్ వాకర్ అనే కెప్టెన్ ముందుకొచ్చి ఫ్రెంచిలో, "నేను చెప్పనా?" అన్నాడు. ఆ తర్వాత కమాండ్లే కాదు, తిట్లు కూడా వాకర్ చేతే ఇంగ్లీషులో చెప్పించేవాడు. సిపాయిలు నవ్వుకుంటూ నేర్చుకున్నారు. కొట్టడం మాత్రం లేదు. ప్రష్యా సైన్యంలో ఆఫీసరు చేతికర్రకి పనెక్కువ. ఆ విద్య అక్కడే వదిలేసి వచ్చాడు.

పాత స్నేహితుడికి ఆయన రాసిన ఒక ఉత్తరం ఉంది. మీ దగ్గర సిపాయికి "ఇది చెయ్యి" అంటే చేస్తాడు, ఇక్కడ "ఇది ఎందుకు చెయ్యాలంటే" అని కారణం చెప్పాలి, అప్పుడు చేస్తాడు, అని దాని సారం. దీన్ని అమెరికన్ల స్వేచ్ఛాకాంక్షకి గుర్తుగా అందరూ చెబుతుంటారు. అయ్యుండొచ్చు. నాకైతే ఇందులో ఒక మాస్టారి విసుగు, ఆ వెనకే కొంచెం గర్వం కనబడతాయి. తొమ్మిదో తరగతి పిల్లల్ని "ఎడమ కాలితోనే ఎందుకు సార్ మొదలుపెట్టాలి?" అని అడగనిచ్చిన ఏ మాస్టారైనా ఈ ఉత్తరమే రాస్తాడు.

ఆయన దినచర్య కూడా చెప్పాలి. తెల్లవారుజామున మూడింటికి లేచేవాడు. నౌకరు జుట్టు దువ్వి ముస్తాబు చేస్తుంటే పైపు కాల్చుకుంటూ ఒక కప్పు కాఫీ. సూర్యోదయానికి గుర్రం మీద మైదానంలో ఉండేవాడు.

శిబిరం శుభ్రత విషయంలో పట్టుదల మనిషి. వంటశాలలు ఒక పక్క, మరుగుదొడ్లు ఇంకో పక్క, అవీ పల్లంలో. తర్వాత పుస్తకంలో ఇంకా కచ్చితంగా రాశాడు: దొడ్లు గుడారాల వరసకి మూడొందల అడుగుల దూరంలో ఉండాలి, నాలుగు రోజులకోసారి పాతవి పూడ్చి కొత్తవి తవ్వాలి, వేసవిలో ఇంకా ముందే. మా స్కూళ్ళలో బోరింగ్ పంపు పక్కనే మరుగుదొడ్డి కట్టిన ఇంజనీర్లకి ఈ పేజీ చూపించాలనిపించింది.

మనిషి సరదా కూడా తెలియాలి. ఒకసారి కుర్ర ఆఫీసర్లకి విందు ఇచ్చారు, చిరుగుల్లేని ప్యాంటు ఉన్నవాడికి ప్రవేశం లేదన్న షరతుతో. అందరూ చిరుగుల పోటీ పడి వచ్చారు. నమలలేని గొడ్డుమాంసం, బంగాళాదుంపలు, చివర్లో మిఠాయికి బదులు హికరీ గింజలు. సారా గ్లాసులో పోసి అంటించి, మంటతోనే తాగారని డ్యూపాన్సో రాశాడు. నౌకరు పెట్టే కాఫీ తాగి, నక్షత్రం ఆకారంలో పెద్ద పతకం గుండెల మీద వేసుకుని తిరిగే బారన్ గారు ఈ చిరుగుల కుర్రాళ్ళ మధ్య కూర్చుని ఆనందించారు.

ఫలితం త్వరగానే కనబడింది. మే 5న ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా, మేజర్ జనరల్ హోదాతో నియామకం ఖాయమైంది. మర్నాడు, ఫ్రాన్స్ అమెరికాతో కలిసిందన్న శుభవార్తకి సైన్యం పండగ చేసుకుంది. ఒక వరస చివర నుంచి ఇంకో వరస చివరదాకా తుపాకులు ఒకదాని వెనక ఒకటి పేలుతూ పోయాయి. రెండు నెలల కిందట కుడి ఎడమ తెలియనివాళ్ళు అది చేశారు. అదే నెల 20న బారెన్ హిల్ దగ్గర లఫయెట్ దళాన్ని బ్రిటిష్ వాళ్ళు చుట్టుముట్టబోతే, వరస చెదరకుండా వేగంగా వెనక్కి నడిచి తప్పించుకున్నారు. జూన్ 28న మాన్‌మత్ దగ్గర మండుటెండలో, అమెరికన్ జనరల్ చార్లెస్ లీ వెనక్కి తగ్గమన్న దళాలు మళ్ళీ తిరిగి పంక్తి కట్టి, ఎదురుగా ఉన్న బ్రిటిష్ సైన్యంతో బహిరంగ మైదానంలో సమంగా పోరాడాయి. ఏడాది తర్వాత, 1779 జులైలో స్టోనీ పాయింట్ కోటని అర్ధరాత్రి దాదాపు తుపాకీ పేల్చకుండా బాయ్‌నెట్లతోనే పట్టుకున్నారు. మాంసం కాల్చుకున్న బాయ్‌నెట్లతో.

ఇదంతా ఒక్క స్టూబెన్ చలవే అని పార్కులో గైడు చెప్పే పద్ధతి నాకు నచ్చలేదు. అదే 1778 మార్చిలో జనరల్ నథానియెల్ గ్రీన్ సరఫరాల బాధ్యత తీసుకోకపోతే తిండీ బట్టా లేని సిపాయికి డ్రిల్లు ఎక్కేది కాదు. ఖాళీ కడుపుతో ఉన్న పిల్లాణ్ణి పరిగెత్తించకూడదని ఏ డ్రిల్లు మాస్టారికైనా తెలుసు. ఆ చలికాలమంతా విడిచిపోకుండా ఉన్న సిపాయిలకి అంతకు ముందు మూడేళ్ళ అనుభవమూ ఉంది. ఆయన నేర్పింది ధైర్యం కాదు, కలిసి కదలడం.

1778-79 చలికాలం ఫిలడెల్ఫియాలో కూర్చుని ఆ పాఠాలన్నీ పుస్తకంగా రాశాడు. మార్చి 29న కాంగ్రెస్ ఆమోదించింది. బొమ్మలు వేసింది లాంఫాఁ, తర్వాత వాషింగ్టన్ నగరానికి ప్లాను గీసినాయన. కాగితం కరువులో నీలం అట్ట దొరికితే అది వేశారు, బ్లూ బుక్ అని పేరు పడిపోయింది. 1812 దాకా ఆ దేశ సైన్యానికి అదే పాఠ్యపుస్తకం.

నేను అందులో మళ్ళీ మళ్ళీ చదివేది చివరి భాగం. కల్నల్ నుంచి సిపాయి దాకా ఎవరి పని ఏమిటో చెప్పేది. కెప్టెన్‌కి ఏం చెప్పాడంటే, మొట్టమొదటి లక్ష్యం సిపాయిల ప్రేమ సంపాదించడం. వాళ్ళ ఫిర్యాదులు వినాలి, న్యాయమైనవైతే తీర్చాలి. కంపెనీలో ప్రతి ఒక్కడి పేరు, స్వభావం తెలిసి ఉండాలి. జబ్బుపడ్డవాళ్ళని వెళ్ళి చూడాలి. ప్రష్యా నుంచి వచ్చినవాడు రాసిన డ్రిల్లు పుస్తకంలో ప్రేమ అన్న మాట ఉంటుందని ఎవరూ అనుకోరు. పేర్ల విషయం మాత్రం నేను గట్టిగా ఒప్పుకుంటాను. "ఏయ్ మూడో వరస" అంటే పదిమంది చూస్తారు, ఎవడూ సర్దుకోడు. పేరు పెట్టి పిలిస్తే ఆ ఒక్కడే సర్దుకుంటాడు, పక్కన ఇద్దరు భయంతో సర్దుకుంటారు.

హైదరాబాదు వాళ్ళకి ఇదే కాలపు ఇంకో మాస్టారు తెలుసు, ఆ పని చేశాడని తెలియకపోయినా. నిజాం అలీ ఖాన్ సైన్యానికి ఫ్రెంచి పద్ధతిలో తర్ఫీదు ఇచ్చిన రేమండ్. మూసారాంబాగ్ పేరులో ఉన్నది ఆయనే, గన్‌ఫౌండ్రీ పెట్టిందీ ఆయనే. వేలమందిని బ్రహ్మాండంగా తయారుచేశాడు. 1798లో ఆయన పోయిన కొన్ని నెలలకే బ్రిటిష్ వాళ్ళు నిజాంతో ఒప్పందం చేసుకుని ఆ దళాన్ని నిరాయుధం చేశారు, పెద్దగా రక్తం చిందకుండానే. అవి నిజాం జీతం మీద నడిచిన బలగాలు. "ఎందుకు" అని అడిగే అలవాటు వాళ్ళకి ఎవరూ నేర్పలేదు.

స్టూబెన్‌కి మాత్రం డ్రిల్లు మాస్టారుగా ఉండిపోవడం ఇష్టం లేదు. తనకీ ఒక సేన ఇవ్వమని, యుద్ధంలో నడిపిస్తానని అడుగుతూనే ఉన్నాడు. అమెరికన్ జనరళ్ళకి అసలే ఈయన పెత్తనం మింగుడుపడలేదు. 1778 జూన్‌లో వాషింగ్టన్ ఈయన అధికారాలకి కొంత కత్తెర వేయాల్సి వచ్చింది. 1780 చివర్లో వర్జీనియాకి పంపితే అక్కడి నాయకులతో పేచీలు, కొత్తవాళ్ళని చేర్చుకోవడంలో ఇబ్బందులు, మంచి పేరు రాలేదు. యార్క్‌టౌన్ ముట్టడిలో ఒక డివిజన్ దొరికింది. కోటలు ముట్టడించడం ప్రష్యా రోజుల్లో చూసినవాడు కాబట్టి అక్కడ రాణించాడు. అంతటితో యుద్ధం ముగిసినట్టే.

ఇప్పుడు ఆ జీతం సంగతి. 1783 డిసెంబరు 23న, సైన్యాధిపతిగా రాజీనామా చేసే రోజున, వాషింగ్టన్ రాసిన చివరి ఉత్తరం స్టూబెన్‌కే. సేవల్ని ఎంతో మెచ్చుకుంటూ రాశాడు. ఉత్తరాలతో అప్పులు తీరవు. యుద్ధం గెలిచారు కదా, నా లెక్క తేల్చండి అని ఆయన కాంగ్రెస్ చుట్టూ తిరిగాడు. యార్క్‌లో అనుకున్నదానికి సరైన కాగితం ఏదీ, అది ఒప్పందమా, మాటవరసకి అన్నదా అని కమిటీల మీద కమిటీలు. న్యూయార్క్ రాష్ట్రం 16,000 ఎకరాలు ఇచ్చింది, అది అడవి. చేతికి డబ్బొస్తే దానం చెయ్యడం, రాకపోతే అప్పు చెయ్యడం ఆయన అలవాటు. వాకర్‌నీ, విలియం నార్త్ అనే ఇంకో పాత సహాయకుణ్ణీ కొడుకుల్లా దత్తత తీసుకున్నాడు. ఆయన లెక్కలు సర్దలేక తలలు బాదుకున్నది కూడా వాళ్ళే.

1790కి ఫైలు హామిల్టన్ బల్ల మీదికి వచ్చింది. వ్యాలీ ఫోర్జ్‌లో ఈయన పాఠాల ఇంగ్లీషు దిద్దిన కుర్రాడు అప్పటికి ఆర్థికమంత్రి. ఈయన పక్షానే నివేదిక రాశాడు. కాంగ్రెస్ చివరికి బతికినన్నాళ్ళూ ఏడాదికి 2,500 డాలర్ల పెన్షను మంజూరు చేసింది. 1794 నవంబరు 28న ఆయన పోయాడు. అంటే నాలుగేళ్ళ పైచిలుకు తీసుకున్నాడు. మా యూనియన్‌లో అరియర్స్ కోసం ఇంకా ధర్నాలు చేస్తున్న పెద్దలకి ఈ లెక్క వాట్సాప్‌లో పెట్టాను. "ఆయన నయం మాస్టారూ, బతికుండగానే వచ్చింది" అని ఒకాయన జవాబు.